మెట్టలో ఎమ్మెస్సీ: జగ్గయ్యపేట, నందిగామ ప్రాంతంలో సైన్సు పీజీ తర్వాతి ఉద్యోగ మార్గాలు

డిగ్రీ తర్వాత సైన్సులో రెండేళ్లు చదివే పీజీని వాడుకలో ఎమ్మెస్సీ అంటారు. కృష్ణా జిల్లా మెట్ట ప్రాంతంలో ఇంజనీరింగు సీటు రానివాళ్లు, వచ్చినా వద్దనుకున్నవాళ్లు, లెక్కలనో కెమిస్ట్రీనో నిజంగా ఇష్టపడ్డవాళ్లు అందరూ ఈ చదువులో కలుస్తారు. పట్టా చేతికి వచ్చాక మాత్రం ఎవరి దారి వారిదే. ఒకరు హైదరాబాదు బస్సెక్కి మందుల కంపెనీలో కెమిస్టుగా చేరతారు, ఒకరు విజయవాడ కార్పొరేట్ కాలేజీలో పాఠం చెబుతారు, ఇంకొకరు హైదరాబాదు అశోక్‌నగర్‌లో గదిలో ఉండి గ్రూప్-2కి చదువుతుంటారు.

ఈ చదువుతో ఒక చిక్కుంది. వ్యవసాయాధికారి పోస్టు బీఎస్సీ అగ్రికల్చర్ వారిదని, డ్రగ్ ఇన్‌స్పెక్టర్ పోస్టు ప్రధానంగా ఫార్మసీ వారిదని, స్కూల్ అసిస్టెంటు పోస్టు బీఈడీ వారిదని నిబంధనల్లోనే రాసి ఉంటుంది. అలా ఎమ్మెస్సీ పేరు మీద రాసిపెట్టిన ఉద్యోగాలు బహు కొద్ది. చాలా పరీక్షలు రాయడానికి అర్హత ఉంటుంది, తమకే ప్రత్యేకించిన పోస్టులు మాత్రం వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. అందుకే పట్టాకు తోడుగా రెండోది ఒకటి కావాలి. అది లెక్చరర్ అర్హత పరీక్ష అయిన నెట్ కావచ్చు, బీఈడీ కావచ్చు, మందుల ల్యాబులో వాడే హెచ్‌పీఎల్‌సీ యంత్రం మీద చెయ్యి తిరిగి ఉండటం కావచ్చు. అది ఉన్నవారికీ లేనివారికీ తేడా మొదటి జీతంలోనే తెలిసిపోతుంది.

ప్రాంతం, చదివే చోట్లు

జగ్గయ్యపేట, నందిగామ రెండూ హైదరాబాదు–విజయవాడ జాతీయ రహదారిని అంటిపెట్టుకున్న పట్టణాలు. పాత లెక్కలో తొమ్మిదో నంబరు హైవే, ఇప్పుడు 65. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడగొట్టినప్పుడు ఈ ప్రాంతం ఎన్టీఆర్ జిల్లాలోకి వెళ్లింది. అయినా జనం నోట 'కృష్ణా జిల్లా మెట్ట' అన్న మాట పోలేదు. పత్తి, మిర్చి, సుబాబుల్ పండే నేల ఇది. నేల కింద సున్నపురాయి ఉంది. డెల్టాలోలాగా కాలవ నీళ్ల భరోసా లేని కుటుంబాల్లో పిల్లల చదువే ఆస్తి అన్న పట్టుదల ఇక్కడ మొదటినుంచీ ఎక్కువ.

డిగ్రీ దాకా ఊళ్లోనే చదవవచ్చు. నందిగామలో కె.వి.ఆర్. కళాశాల, జగ్గయ్యపేటలో ఎస్.జి.ఎస్. కళాశాల తరతరాలుగా బీఎస్సీ విద్యార్థులను తయారు చేస్తున్నాయి. పీజీకి మాత్రం ఎక్కువమంది విజయవాడలోని పి.బి. సిద్ధార్థ, ఆంధ్ర లయోలా వంటి కళాశాలలకో, 1976లో ఏర్పడిన నాగార్జున విశ్వవిద్యాలయానికో, 2008లో మచిలీపట్నంలో నెలకొల్పిన కృష్ణా విశ్వవిద్యాలయానికో, నూజివీడు పీజీ కేంద్రానికో వెళతారు. రాష్ట్రంలోని సీట్లన్నిటికీ కలిపి 2021 నుంచి ఏపీ పీజీసెట్ అనే ఒకే ప్రవేశ పరీక్ష జరుగుతోంది. హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయం, ఐఐటీలు, తిరుపతి ఐసర్ వంటివి వేరు లోకం. ఐఐటీల్లో ఎమ్మెస్సీకి జామ్ అనే పరీక్ష రాయాలి. ఆ పేరు డిగ్రీ మొదటి ఏడాదిలోనే విన్న పిల్లలు ఈ ప్రాంతంలో తక్కువ. విన్నవారికీ విననివారికీ తర్వాతి పదేళ్లు వేరుగా నడుస్తాయి.

ఇంకో సంగతి కూడా చెప్పుకోవాలి. 2020 డిసెంబరులో వచ్చిన 77వ జీవోతో ప్రైవేటు కళాశాలల్లో పీజీ చదివేవారికి ఫీజు రీయింబర్స్‌మెంటు ఆగిపోయింది. ఆ దెబ్బకు చాలాచోట్ల ప్రైవేటు పీజీ సీట్లు నిండలేదు. అసలే చదవాలా వద్దా అని ఊగిసలాడే రైతు కుటుంబానికి ఆ ఫీజు చిన్న మొత్తం కాదు.

రసాయన శాస్త్రం: హైవే చివర మందుల కంపెనీలు

ఈ ప్రాంతంలో ఎమ్మెస్సీ తర్వాత ఉద్యోగం అంటే ముందుగా వినిపించే మాట 'కెమిస్టు'. దీనికి కారణం భూగోళం. చిల్లకల్లు దగ్గర హైదరాబాదు బస్సెక్కితే రెండువందల కిలోమీటర్ల లోపే దేశంలోని అతి పెద్ద ముడి ఔషధాల కేంద్రం. నగరం చేరకముందే చౌటుప్పల్ దగ్గర లింగోజిగూడెంలో దివీస్ కర్మాగారం కనిపిస్తుంది. అక్కడ ఉత్పత్తి మొదలైంది 1995లో.

హైదరాబాదుకు ఈ పరిశ్రమ ఎలా వచ్చిందో తెలిస్తే కెమిస్ట్రీ వారికి దక్కుతున్న చోటు అర్థమవుతుంది. 1961లో కేంద్ర ప్రభుత్వం ఐడీపీఎల్‌ను స్థాపించింది. దాని సంశ్లేషిత ఔషధాల కర్మాగారం బాలానగర్‌లో వచ్చింది. పుణె జాతీయ రసాయన ప్రయోగశాలలో డాక్టరేట్ చేసిన కల్లం అంజిరెడ్డి అక్కడే ఉద్యోగం చేసి, బయటికి వచ్చి, 1984లో డాక్టర్ రెడ్డీస్‌ను నెలకొల్పారు. ఆ కంపెనీలో శాస్త్రవేత్తగా పనిచేసిన ఖమ్మం జిల్లావాసి బండి పార్థసారథిరెడ్డి 1993లో హెటిరో పెట్టారు. రసాయన శాస్త్రంలోనే డాక్టరేట్ ఉన్న చావా సత్యనారాయణ 2005లో లారస్ ల్యాబ్స్ మొదలుపెట్టారు. ఒక కంపెనీలో పని నేర్చినవారు మరో కంపెనీ పెట్టడం, అందులో నేర్చినవారు ఇంకోటి పెట్టడం, ఇలా యాభై ఏళ్లుగా సాగింది. 2020లో కోవిడ్ తీవ్రంగా ఉన్నప్పుడు దేశంలో మొదటగా రెమ్‌డెసివిర్ తయారీకి అనుమతి పొందిన కంపెనీల్లో హెటిరో ఒకటి. ఈ పరిశ్రమను నిలబెట్టింది ఆర్గానిక్ కెమిస్ట్రీ తెలిసినవాళ్లు. వాళ్లకు కావలసిందీ అలాంటివాళ్లే.

కెమిస్టు అనేది ఒక్క ఉద్యోగం కాదు. ఆర్గానిక్ చదివినవారు పరిశోధన విభాగంలో కొత్త మందు తయారయ్యే దారి కనిపెట్టడానికో, ఉన్న దారిలో దశలు తగ్గించడానికో పనిచేస్తారు. గాజు ఫ్లాస్కులో గ్రాముల్లో అయిన చర్య కిలో ల్యాబులో, తర్వాత పైలట్ ప్లాంటులో, ఆ తర్వాత వేల లీటర్ల రియాక్టర్లలో అంతే దిగుబడితో రావాలి. గ్రాముల్లో చల్లగా నడిచిన చర్య రియాక్టరులో వేడెక్కి అదుపు తప్పవచ్చు. అలా తప్పకుండా చూడటమే ఈ పనిలోని అసలు విద్య. అనలిటికల్ కెమిస్ట్రీ వారు ఎక్కువగా నాణ్యత పరీక్షలో, అంటే క్యూసీలో చేరతారు. సాంపిల్ తూచడం, స్టాండర్డు కలపడం, హెచ్‌పీఎల్‌సీ మీద ఎక్కించడం, వచ్చిన గ్రాఫులో మాలిన్యం శాతం లెక్కకట్టడం, చేసిన ప్రతి పనినీ చేసిన వెంటనే లాగ్‌బుక్కులో రాయడం వారి పని. అమెరికా ఎఫ్‌డీఏ తనిఖీకి వచ్చినప్పుడు ముందు అడిగేది ఆ పుస్తకాలే. రాయనిది జరగనట్టే లెక్క. ఇక ఉత్పత్తి విభాగంలో కష్టం ఎక్కువ, జనమూ ఎక్కువ కావాలి కాబట్టి కొత్తవారికి తేలిగ్గా దొరికేది అదే. ఇనార్గానిక్, ఫిజికల్ కెమిస్ట్రీ స్పెషలైజేషన్ల వారికి గిరాకీ కొంత తక్కువ. సీటు ఎంచుకునేటప్పుడే ఈ సంగతి ఎవరైనా చెబితే బాగుండేదని ఆ విద్యార్థులు అనుకుంటుంటారు.

చేరడం ఎక్కువగా ఆదివారాలు జరిగే వాకిన్ ఇంటర్వ్యూల ద్వారానే. కొత్తవారిని ట్రైనీగా తీసుకుంటారు. ఇక్కడే ఎమ్మెస్సీకి మొదటి పరీక్ష ఎదురవుతుంది. అదే ట్రైనీ పోస్టుకు బీఎస్సీ కెమిస్ట్రీ వారూ పోటీకి వస్తారు. యంత్రం నడపడం వచ్చిన బీఎస్సీకీ, రెండేళ్లు ఎక్కువ చదివి యంత్రాన్ని దూరంనుంచే చూసిన ఎమ్మెస్సీకీ మొదట్లో జీతంలో పెద్ద తేడా ఉండకపోవచ్చు. తేడా తర్వాత వస్తుంది. పరిశోధన విభాగంలోకి, రెగ్యులేటరీ వ్యవహారాల్లోకి, మేనేజరు స్థాయికి వెళ్లేటప్పుడు ఎమ్మెస్సీ అవసరమవుతుంది. ఔషధ నియంత్రణ శాఖ ఆమోదం పొందిన 'అప్రూవ్డ్ కెమిస్టు' అనిపించుకుంటే కంపెనీ మారేటప్పుడు బేరం కుదుర్చుకోవడానికి బలం వస్తుంది. డ్రగ్స్ అండ్ కాస్మెటిక్స్ నిబంధనల ప్రకారం తయారీ, పరీక్షల పర్యవేక్షణకు అర్హత, అనుభవం ఉన్నవారి పేర్లు లైసెన్సు అధికారికి చూపించాలి మరి.

మొదటి ఏళ్ల బతుకు గురించి పెద్దలు అడగరు, పిల్లలు చెప్పరు. బాచుపల్లిలోనో మియాపూర్‌లోనో నలుగురు కలిసి గది. ఏ, బీ, సీ షిఫ్టులు. వారానికోసారి మారే నిద్రవేళలు. ద్రావకాల వాసన బట్టల్లోంచి పోదు. ప్రమాదం మాటా దాచకూడదు. 2024 ఆగస్టు 21న అచ్యుతాపురం సెజ్‌లో ఒక మందుల కర్మాగారంలో పేలుడు జరిగి 17 మంది చనిపోయారు. 2025 జూన్ 30న పాశమైలారంలో మరో కర్మాగారంలో 40 మందికి పైగా పోయారు. అలా పోయినవారిలో కార్మికులతో పాటు చదువుకున్న యువ ఉద్యోగులూ ఉన్నారు. చేరబోయే కంపెనీలో జీతం ఎంత అని అడిగినట్టే అక్కడ భద్రత ఎలా ఉందో సీనియర్లను అడిగి తెలుసుకోవడం తెలివైన పని.

సున్నపురాయి, బొగ్గు

ఊళ్లోనే ఉండి చేసే కెమిస్టు ఉద్యోగం కావాలంటే దారి సిమెంటు కంపెనీల వైపు. జగ్గయ్యపేట దగ్గర జయంతిపురంలో రామ్‌కో, బూదవాడలో అల్ట్రాటెక్, కృష్ణ ఒడ్డున ముక్త్యాలలో కె.సి.పి. ఉన్నాయి. సరిహద్దు దాటితే సూర్యాపేట జిల్లా మేళ్లచెరువు, మఠంపల్లి వైపు మరికొన్ని.

సిమెంటు ల్యాబులో పని ఆగదు. సున్నపురాయి, లేటరైటు, ఇతర ముడిసరుకులు ఏ పాళ్లలో కలిపితే కొలిమిలో సుమారు 1,450 డిగ్రీల సెల్సియస్ వద్ద సరైన క్లింకరు వస్తుందో ఎక్స్‌రే ఫ్లోరసెన్స్ యంత్రం మీద చూసి చెప్పాలి. గంటగంటకూ సాంపిలు వస్తుంది. క్లింకరులో కలవకుండా మిగిలిపోయిన సున్నం ఎక్కువైతే కట్టిన గోడ తర్వాత పగుళ్లిస్తుంది. 53 గ్రేడు అని బస్తా మీద రాస్తే ఆ సిమెంటుతో పోసిన దిమ్మ 28 రోజులకు చదరపు మిల్లీమీటరుకు 53 న్యూటన్ల ఒత్తిడిని తట్టుకోవాలి. ఆ మాటకు పూచీ ల్యాబుదే. ఇంత బాధ్యత ఉన్నా పోస్టులు తక్కువ. యంత్రాలు పెరిగేకొద్దీ ఇంకా తగ్గుతున్నాయి. ఒక ప్లాంటు ల్యాబుకు కావలసింది పదుల సంఖ్యలో మనుషులే. ఖాళీ వస్తే బయట పత్రికల్లో చూసేకంటే ఊళ్లో తెలిసినవారి నోట వినడమే ఎక్కువ.

ఇబ్రహీంపట్నంలోని నార్ల తాతారావు థర్మల్ విద్యుత్ కేంద్రంలోనూ కెమిస్టులుంటారు. బాయిలరుకు వెళ్లే నీటిలో లవణాలు లేకుండా చూడటం, బొగ్గులో బూడిద ఎంత ఉందో తేల్చడం వారి పని. జెన్‌కో ఈ పోస్టులను రాతపరీక్ష పెట్టి నింపుతుంది. ఏళ్లకోసారి వచ్చే ప్రకటన అది. కాలుష్య నియంత్రణ మండలిలో అనలిస్టు పోస్టులు ఏపీపీఎస్సీ ద్వారా వస్తాయి. ఫుడ్ సేఫ్టీ ఆఫీసరు పోస్టుకు రసాయన శాస్త్రంలో పీజీ కూడా అర్హతే. చాలామంది కెమిస్ట్రీ వారికి ఈ విషయం తెలియక దరఖాస్తే చెయ్యరు.

భూగర్భ శాస్త్రం

కాళ్ల కింద ఇంత సున్నపురాయి పెట్టుకుని కూడా ఈ ప్రాంతం పిల్లలు జియాలజీ చదవడం అరుదు. డిగ్రీలో ఆ సబ్జెక్టు చెప్పే కళాశాలలు తక్కువ కావడం ఒక కారణం. పోటీ తక్కువ, అవకాశం ఎక్కువ ఉన్న శాఖ మాత్రం ఇదే. యూపీఎస్సీ ఏటా కంబైన్డ్ జియో సైంటిస్ట్ పరీక్ష పెడుతుంది. భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థలో జియాలజిస్టు, జియోఫిజిసిస్టు, కెమిస్టు పోస్టులు, కేంద్ర భూగర్భజల బోర్డులో హైడ్రోజియాలజిస్టు పోస్టులు ఇందులోంచే భర్తీ అవుతాయి. గ్రూప్ 'ఎ' ఉద్యోగం, మూలవేతనం ₹56,100 నుంచి మొదలు. జియాలజీ చదవని ఎమ్మెస్సీ కెమిస్ట్రీ వారికీ ఇందులో కెమిస్టు పోస్టుకు దారి ఉంది. సివిల్స్ అంత పేరు లేదు గనుక ఊళ్లో ఎవరూ చెప్పరు.

బోధన

ఎమ్మెస్సీ చేసినవారిని ఈ ప్రాంతంలో అందరికంటే ఎక్కువగా తీసుకునేది బోధన రంగమే. అన్యాయం ఎక్కువగా కనిపించేదీ ఇక్కడే.

ప్రభుత్వ జూనియర్ లెక్చరర్ పోస్టుకు పీజీలో 50 శాతం మార్కులు చాలు, బీఈడీ అక్కర్లేదు. ఎమ్మెస్సీకి నిజంగా తనదనదగ్గ పోస్టు ఇది. ఏపీపీఎస్సీ ప్రకటనలో మూలవేతనం ₹57,100 నుంచి మొదలు. అయితే 2023 డిసెంబరు ప్రకటనలో రాష్ట్రం మొత్తానికి, అన్ని సబ్జెక్టులకూ కలిపి ఉన్నవి 47 పోస్టులు. అదే 2025 మెగా డీఎస్సీలో 16,347 పోస్టులు ప్రకటించారు. వాటిలో స్కూల్ అసిస్టెంటు పోస్టుకు కావలసింది డిగ్రీ, బీఈడీ. ఎమ్మెస్సీ ఉన్నందుకు ఒక్క మార్కూ కలవదు. ఎంపికలో 80 శాతం డీఎస్సీ పరీక్షకు, 20 శాతం టెట్‌కు వెయిటేజి ఉంటుంది. పీజీకి సున్నా. పీజీ, బీఈడీ రెండూ ఉన్నవారికి గురుకులాల్లో, ఆదర్శ పాఠశాలల్లో పీజీటీ (పోస్ట్ గ్రాడ్యుయేట్ టీచర్) పోస్టులున్నాయి. కేంద్రీయ విద్యాలయాల్లో పీజీటీకి మూలవేతనం ₹47,600. బీఈడీ ఇప్పుడు రెండేళ్లు. డిగ్రీ తర్వాత ఎమ్మెస్సీ రెండేళ్లు, బీఈడీ రెండేళ్లు, ఆపైన కోచింగు, నోటిఫికేషను కోసం ఎదురుచూపు. పెళ్లి మాటలు మొదలైన ఇంట్లో ఆడపిల్లకు అన్నేళ్లు దొరకడం కష్టం. ఎమ్మెస్సీలో చేరే అమ్మాయిల సంఖ్యకూ, ప్రభుత్వ కొలువులో తేలే సంఖ్యకూ మధ్య తేడా ఇక్కడే మొదలవుతుంది.

డిగ్రీ కళాశాలలో, విశ్వవిద్యాలయంలో చెప్పాలంటే నెట్ లేదా సెట్ లేదా పీహెచ్‌డీ ఉండాలి. అసిస్టెంట్ ప్రొఫెసరుకు పీహెచ్‌డీ తప్పనిసరి అన్న నిబంధనను పక్కనపెట్టి, నెట్ లేదా సెట్ కనీస అర్హతగా సరిపోతుందని యూజీసీ 2023 జూలైలో ప్రకటించింది. యూజీసీ స్కేలులో మొదటి మూలవేతనం ₹57,700. కాగితం మీద ఇంతకంటే మంచి ఉద్యోగం సైన్సువారికి లేదు. రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో భర్తీ మాత్రం ఏళ్ల తరబడి ఆగిపోయింది. 2023 చివర్లో ప్రకటనలు వెలువడినా కోర్టు వివాదాల్లో చిక్కుకున్నాయి. ఈలోపు గంటల లెక్కన జీతం తీసుకునే గెస్టు ఫ్యాకల్టీ, ఏడాదికోసారి రెన్యువల్ కోసం ఎదురుచూసే కాంట్రాక్టు లెక్చరర్లే కళాశాలలను నడిపిస్తున్నారు. వయసు నలభై దాటినా 'తాత్కాలికం' అన్న మాట వదలని మనుషులు ఈ రెండు పట్టణాల్లోనూ ఉన్నారు.

ప్రైవేటు సంగతి వేరు. 1986లో విజయవాడలో శ్రీచైతన్య కాలేజీ మొదలైన తర్వాత ఈ నగరం ఇంటర్మీడియట్ చదువుకు రాజధాని అయింది. కృష్ణా మెట్ట నుంచి వెళ్లిన ఎమ్మెస్సీ ఫిజిక్స్, మ్యాథ్స్, కెమిస్ట్రీ వారికి అక్కడి కార్పొరేట్ కాలేజీలే పెద్ద ఆసరా. ఐఐటీ, నీట్ బ్యాచ్‌లకు చెప్పగలిగిన లెక్చరరుకు ప్రభుత్వ జీతాన్ని మించి ఇస్తారు. మామూలు బ్యాచ్‌లకు చెప్పేవారికి మాత్రం ఉదయం స్టడీ అవరుతో మొదలై రాత్రి స్టడీ అవరుతో ముగిసే రోజు, వేసవిలో అడ్మిషన్ల కోసం ఊళ్లు తిరిగే పని. ఏడాది చివర ఫలితాలు తగ్గితే వేటు. పాఠం చెప్పడం తెలిసినవారు కొందరు నందిగామ, జగ్గయ్యపేటల్లో సొంతంగా ట్యూషన్లు పెట్టుకుని బాగానే స్థిరపడ్డారు.

పరిశోధన

ఈ మెట్ట నేలకు పరిశోధన కొత్త కాదు. నూజివీడు వైపున్న ఆగిరిపల్లిలో 1909లో పుట్టిన సూరి భగవంతం డిగ్రీ కాగానే కలకత్తా వెళ్లి సి.వి. రామన్ దగ్గర చేరారు. అది 1928, రామన్ ఎఫెక్ట్ బయటపడిన సంవత్సరం. తర్వాత ఆంధ్ర విశ్వవిద్యాలయంలో భౌతిక శాస్త్రం చెప్పారు, బెంగళూరు భారతీయ విజ్ఞాన సంస్థకు డైరెక్టరుగా, రక్షణ మంత్రికి శాస్త్ర సలహాదారుగా పనిచేశారు. పల్లెటూరి పిల్లవాడు సరైన సమయంలో సరైన గురువు దగ్గరికి చేరడమే ఆయన కథలో ముఖ్యం.

ఆ చేరే దారి పేరు ఇప్పుడు సీఎస్ఐఆర్-యూజీసీ నెట్. రసాయన, భౌతిక, జీవ, గణిత, భూ విజ్ఞాన శాస్త్రాలు అయిదింటిలో ఈ పరీక్ష జరుగుతుంది. అందులో జేఆర్ఎఫ్ అనే పరిశోధన ఫెలోషిప్ వస్తే మొదటి రెండేళ్లు నెలకు ₹37,000, ఆ తర్వాత ₹42,000, పైన ఇంటి అద్దె భత్యం. 2023 జనవరి నుంచి అమలులో ఉన్న మొత్తాలివి. వ్యవసాయ కుటుంబంలో ఇంటికి భారం కాకుండా డాక్టరేట్ చేసే వీలు దీనితోనే వచ్చింది. విశ్వవిద్యాలయంలో మొదటి ర్యాంకు తెచ్చుకున్నవారికి ఇన్‌స్పైర్ ఫెలోషిప్ అని ఇంకోటుంది. జేఆర్ఎఫ్ ఉన్న విద్యార్థిని హైదరాబాదులోని ఐఐసీటీ, సీసీఎంబీ, ఎన్‌జీఆర్ఐ వంటి సంస్థలు ఆనందంగా తీసుకుంటాయి. నెట్ పార్ట్ 'సి'లో లోతైన ప్రశ్నలుంటాయి, బట్టీ పనికిరాదు. పీజీలో నోట్సు చదివి గట్టెక్కినవారికి అక్కడే తెలుస్తుంది.

గేట్ స్కోరుతో ఎంటెక్‌కు వెళ్లవచ్చు. బాబా అణు పరిశోధన కేంద్రం ఏటా ఎమ్మెస్సీ ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయోసైన్స్ వారిని ఎంపికచేసి ఏడాది శిక్షణ ఇచ్చి సైంటిఫిక్ ఆఫీసరుగా తీసుకుంటుంది. ఆ శిక్షణ పాఠశాల 1957 నుంచి నడుస్తోంది. పీహెచ్‌డీ అయిదారేళ్ల పని. గైడు మంచివాడైతే జీవితం, కాకపోతే జైలు అని స్కాలర్లు నవ్వుతూ అంటారు. చేరేముందు ఆ ల్యాబులోని పాత స్కాలర్లతో మాట్లాడకుండా సంతకం పెట్టకూడదు.

గణితం, గణాంకం, భౌతికం

ఎమ్మెస్సీ మ్యాథ్స్ చేసినవారు బోధనకు, బ్యాంకు పరీక్షలకు, సాఫ్ట్‌వేరుకు మూడుగా చీలిపోతారు. అమీర్‌పేటలో ఆరు నెలల కోర్సు చేసి ఐటీలో స్థిరపడ్డ గణిత పట్టభద్రులకు ఈ ప్రాంతంలో కొదవలేదు. గణాంక శాస్త్రం విలువ మాత్రం ఇక్కడ ఇంకా తెలియలేదు. ఇండియన్ స్టాటిస్టికల్ సర్వీసు పరీక్షకు స్టాటిస్టిక్స్ చదివినవారే అర్హులు, ఉత్త మ్యాథ్స్ వారు కారు. హైదరాబాదు క్లినికల్ ట్రయల్స్ కంపెనీల్లో శాస్ ప్రోగ్రామింగు తెలిసిన గణాంక పట్టభద్రులకు మంచి జీతాలున్నాయి. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం ఎమ్మే చేసిన కల్యంపూడి రాధాకృష్ణారావు కలకత్తాకు సైన్యంలో ఉద్యోగం కోసం వెళ్లి అక్కడి భారత గణాంక సంస్థను చూసి చేరిపోయారు. 1945 నాటి ఆయన పరిశోధనకే 2023లో అంతర్జాతీయ గణాంక బహుమతి వచ్చింది.

ఫిజిక్స్ వారి పరిస్థితి కష్టం. బోధన, పరిశోధన తప్పిస్తే ఆ పట్టాకు నేరుగా పని ఇచ్చే పరిశ్రమ దగ్గర్లో లేదు. వాతావరణ శాఖ, ఫోరెన్సిక్ ప్రయోగశాలలు, ఇస్రో ప్రకటనలు అప్పుడప్పుడు వస్తాయి.

జీవశాస్త్రాలు

పంటల మధ్య పెరిగిన పిల్లలు బోటనీ, జువాలజీ చదివి ఆ పంటలకే పనికిరాకుండా పోవడం ఈ వ్యవస్థలోని వింత. 2021–22లో మిర్చి తోటలను కొత్తరకం తామర పురుగు తినేసింది. అలాంటి పురుగుల మీద పని చెయ్యడానికి జగ్గయ్యపేట మండలం గరికపాడులో వ్యవసాయ విశ్వవిద్యాలయం వారి పరిశోధన స్థానం, కృషి విజ్ఞాన కేంద్రం ఉన్నాయి. అక్కడి శాస్త్రవేత్త పోస్టులు వ్యవసాయ పట్టభద్రులవే. కీటక శాస్త్రం చదివిన జువాలజీ ఎమ్మెస్సీకి అక్కడ తాత్కాలిక ప్రాజెక్టు పోస్టు తప్ప చోటు దొరకడం కష్టం. ఈ గోడ తొలగించాలన్నది ఈ వ్యాసకర్త అభిప్రాయం.

ఉన్న దారులు వేరేచోట ఉన్నాయి. 2009లో వనామి రొయ్యకు అనుమతి వచ్చాక కైకలూరు, భీమవరం వైపు, కోస్తా హేచరీల్లో పీసీఆర్ ల్యాబులు పెరిగాయి. ఆక్వాకల్చర్, జువాలజీ, మైక్రోబయాలజీ వారికి అక్కడ పనుంది. గుంటూరులోని సుగంధ ద్రవ్యాల బోర్డు ప్రయోగశాలలాంటి చోట్ల ఎగుమతి మిర్చిలో అఫ్లాటాక్సిన్, పురుగుమందుల అవశేషాలు పరీక్షిస్తారు. ఇటీవల ఎక్కువమందిని లాగుతున్నది మెడికల్ కోడింగ్. అమెరికా ఆసుపత్రుల రికార్డులు చదివి జబ్బుకూ చికిత్సకూ సంకేత సంఖ్యలు ఇచ్చే పని. సీపీసీ సర్టిఫికెట్ ఉంటే హైదరాబాదులో వెంటనే ఉద్యోగం దొరుకుతుంది. చదివిన శాస్త్రంలో పదో వంతు కూడా అందులో అక్కరకు రాదు, జీతం మాత్రం ఆలస్యం కాకుండా వస్తుంది.

విదేశాలు, పోటీ పరీక్షలు

మూడేళ్ల బీఎస్సీతో మొత్తం చదువు 15 ఏళ్లే అవుతుంది. పదహారేళ్లు అడిగే విదేశీ విశ్వవిద్యాలయాలకు ఎమ్మెస్సీ ఆ లోటు తీరుస్తుంది. అమెరికాలో సైన్సు పీహెచ్‌డీ సీటుకు సాధారణంగా ఫీజు మాఫీ, టీచింగ్ అసిస్టెంట్‌షిప్ వస్తాయి. అప్పు చేసి వెళ్లే మరో మాస్టర్స్ కంటే ఇది నయం. జర్మనీలో చాలా రాష్ట్రాల్లో ప్రభుత్వ విశ్వవిద్యాలయాలు ఫీజు తీసుకోవు. అయితే అక్కడికి వెళ్లే భారతీయ విద్యార్థులకు 2022 నవంబరు నుంచి వీసాకు ముందు, చదువు పత్రాలను ధ్రువీకరించే ఏపీఎస్ సర్టిఫికెట్ తప్పనిసరి అయింది.

శాస్త్రంతో సంబంధం లేని కొలువుల్లోకి వెళ్లేవారూ తక్కువ కాదు. 2019లో గ్రామ, వార్డు సచివాలయాలకు లక్షకు పైగా పోస్టులు భర్తీ చేసినప్పుడు ఎమ్మెస్సీ వారు చాలామంది వాటిలో చేరారు. ఇంటికి దగ్గర, నెలాఖరుకు జీతం. అవే పోస్టుల్లో ఉంటూ రాత్రిళ్లు నెట్‌కు, జూనియర్ లెక్చరర్ పోస్టుకు చదువుతున్నవారు ఇప్పటికీ ఉన్నారు.

సరిహద్దు సంగతి

గరికపాడు చెక్‌పోస్టు దాటితే తెలంగాణ. 2014 జూన్ 2 తర్వాత ఆ గీత ఈ ప్రాంతపు ఎమ్మెస్సీ విద్యార్థి లెక్కల్లో ముఖ్యమైంది. కోదాడ పక్క ఊరే అయినా తెలంగాణ ప్రభుత్వ పోస్టులకు, సీట్లకు ఈ పిల్లలు నాన్-లోకల్. కేంద్ర సంస్థలకు, కేంద్రీయ విశ్వవిద్యాలయానికి, ప్రైవేటు కంపెనీలకు ఆ తేడా లేదు. తల్లిదండ్రులు కొందరు పిల్లలను చిన్నప్పుడే ఖమ్మంలోనో హైదరాబాదులోనో చదివించి తర్వాత స్థానికత విషయంలో ఇబ్బంది పడుతున్నారు. రాష్ట్ర పోస్టులకు దరఖాస్తు చేసేటప్పుడు స్థానికత తేల్చేది ఏ ఊళ్లో ఎన్నేళ్లు చదివారన్నదే. కాబట్టి ఎమ్మెస్సీ పట్టాతో పాటు నాలుగో తరగతి నుంచి పదో తరగతి దాకా ఉన్న స్టడీ సర్టిఫికెట్లను ఇప్పుడే తీసి భద్రం చేసుకోవాలి.